పేరులో ఉన్న గుర్తింపు చేతికి ఎప్పుడొస్తుంది? ఆశా కార్యకర్తల ధ్రువీకరణపై బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,

అయ్యా, నమస్కారాలు. నేను మీ శాఖలోనే ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లలో తిరిగే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తగా చేరి, మహిళా ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేసినదాన్ని. ఉద్యోగ జీవితంలో చివరి పదమూడేళ్లు ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడం, వారి డైరీలు చూసి సంతకాలు పెట్టడం, నెలనెలా ఆశా డే నాడు వాళ్ల కష్టసుఖాలు వినడం నా పనిగా ఉండేది. సర్వీసులో ఉండగా ఫైళ్ల ద్వారా చెప్పవలసినవి చెప్పాను. ఒక్క సంగతి మాత్రం ఏ ఫైలులోనూ సరిగా పట్టలేదు కనుక, ఇప్పుడు అందరి ముందూ మీకు రాస్తున్నాను. ఆశా కార్యకర్తల నైపుణ్యానికి రాష్ట్ర ప్రభుత్వం తన ముద్రతో ఒక ధ్రువపత్రం ఇవ్వాలనీ, అది కోరుకున్నవారికే ఇచ్చేదిగా ఉండాలనీ, దాన్ని కాగితం మీది పరీక్షతో కాక చేతిపనిని చూసి ఇవ్వాలనీ నా విన్నపం.

ఆశా అన్నది అక్రెడిటెడ్ సోషల్ హెల్త్ యాక్టివిస్ట్ అనే పేరుకు పొట్టి రూపమని మీకు చెప్పనక్కరలేదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు వెయ్యి మంది జనాభాకు ఒకరు చొప్పున వీరిని ఎంపిక చేసుకుంటూ ఆ పేరు పెట్టారు. అందులో మొదటి మాటకు అర్థం గుర్తింపు పొందినవారు అని. ఇరవై ఏళ్లు గడిచాయి. గుర్తింపు పేరులో ఉంది, చాలామందికి పెట్టెలో దాచుకోవడానికి మాత్రం కాగితం లేదు. మెడలో వేసుకునే ఐడీ కార్డు ఉంది, కానీ అది ఈమె ఫలానా ఊరి ఆశా అని చెబుతుందే తప్ప ఈమెకు ఏమేం వచ్చో చెప్పదు. ఊరు మారిన రోజున ఆ కార్డుకు విలువ ఉండదు.

నాకు తెలిసిన ఒకామె పద్నాలుగేళ్లు ఆశాగా పనిచేసి, భర్త పోయాక కొడుకు దగ్గర ఉండటానికి పట్నం వెళ్లింది. అక్కడ ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో పని అడిగితే సర్టిఫికెట్ ఏదని అడిగారు. ఆమె ఐడీ కార్డు, మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో జనవరి 26న ఇచ్చిన ప్రశంసాపత్రం చూపించింది. ఆయా పని ఇచ్చారు. ఆయా పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ బాలింతకు రక్తస్రావం ఎక్కువవుతోందని గుడ్డ చూసి పోల్చుకోగల మనిషి, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఎలా వెచ్చగా ఉంచాలో వందమంది తల్లులకు నేర్పిన మనిషి, ఆ నర్సింగ్ హోమ్‌లో బకెట్టు మోస్తూ ఉంటే, ఆ పద్నాలుగేళ్ల చదువును ఎవరు చదివించారు, ఎవరు మరిచిపోయారు అన్న ప్రశ్న నన్ను వదలలేదు.

ఇది ఆశాలతో మొదలైన కథ కూడా కాదు. 1977 అక్టోబరు 2న అప్పటి కేంద్ర ప్రభుత్వం ఊరూరా కమ్యూనిటీ హెల్త్ వర్కర్లను పెట్టే పథకం ప్రారంభించింది. మూడు నెలల శిక్షణ, ఒక మందుల పెట్టె, నెలకు యాభై రూపాయలు. వర్కర్ అంటే జీతం అడుగుతారనుకున్నారో ఏమో, కొన్నేళ్లలో ఆ పేరును వాలంటీర్ అని, ఆ తర్వాత విలేజ్ హెల్త్ గైడ్ అని మార్చారు. పేర్లు మారుతూ పోయాయి, మనుషుల హోదా ఉన్నచోటనే ఉంది, చివరకు పథకమే కనుమరుగైంది. మా తొలి ఉద్యోగపు రోజుల్లో ఆ మందుల పెట్టెలు కొన్ని సబ్‌సెంటర్ల అటకల మీద తుప్పు పట్టి కనిపించేవి.

ఇక నేను చెప్పదలచిన అసలు విషయానికి వస్తాను. దానికి నా తప్పొకటి ఒప్పుకోవలసి ఉంది.

పాడేరు వైపు ఒక ఏజెన్సీ మండలంలో పనిచేస్తున్నప్పుడు, ఒక ఆశా వెంట ఏడో రోజు గృహ సందర్శనకు వెళ్లాను. ఆసుపత్రిలో కాన్పు అయితే మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో ఆశా ఆ ఇంటికి వెళ్లి బిడ్డనూ తల్లినీ చూడాలన్నది నియమం. ఆమె చదువు ఎనిమిదో తరగతి, ఇంట్లో మాట కువి అనే గిరిజన భాష. ఇంట్లోకి వెళ్లగానే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, గాలికి ఆరనిచ్చింది. పాలు పడుతున్న తల్లిని ఆపమని, బిడ్డ నిదానించే దాకా కూర్చుంది. పొయ్యి దగ్గర మాట్లాడుకుంటున్న ముసలమ్మలను ఊరుకోమంది. బిడ్డ మీది పాత చీర ముక్కను పొట్ట కనిపించేంత మేర తొలగించి, గడియారం చూస్తూ ఒక నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టింది. అరవై దాటింది. మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ దాటింది. నా వైపు తిరిగి, పక్కటెముకల కింద గుంట పడుతోంది చూడండి మేడం అంది. నేను అప్పటికి చూడలేదు. తల్లి రొమ్ముకు బిడ్డను ఆనించి, ఇద్దరికీ కలిపి దుప్పటి చుట్టి, 108కు ఫోన్ చేయించి, రోడ్డు దాకా డోలీ కట్టించేసరికి అరగంట కూడా పట్టలేదు. ఆ బిడ్డ బతికింది.

మరో రెండు నెలలకు మండలంలో ఆశాలకు రాతపరీక్ష ఒకటి పెట్టవలసి వచ్చింది, ప్రశ్నపత్రం తయారు చేసింది నేనే. అందులో ఒక ప్రశ్న ఇలా ఉంది: నవజాత శిశువులో శ్వాసక్రియ రేటు నిమిషానికి ఎంతకు మించితే ప్రమాద సంకేతంగా పరిగణించాలి? ఆమె ఆ గడి ఖాళీగా వదిలేసింది. మొత్తం మీద మండలంలో అట్టడుగు మార్కులు ఆమెవే. పరీక్ష అయ్యాక ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, అదే సంగతిని మామూలు మాటల్లో, బిడ్డ ఊపిరి ఎన్నిసార్లు తీస్తే మీరు భయపడతారు అని అడిగితే, నేను అడగడం పూర్తయ్యేలోపే అరవై అంది, ఒకసారి లెక్కపెట్టి నమ్మకూడదు, రెండోసారి కూడా చూడాలి అని నాకే గుర్తుచేసింది. పై అధికారులకు వెళ్లిన జాబితాలో మాత్రం ఆమె పేరు ఎదుట 'శిక్షణ అవసరం' అని రాసి ఉంది, దాని కింద సంతకం నాది. శ్వాసక్రియ రేటు అన్న మాట నేను ఏ ఇంట్లోనూ ఏ తల్లితోనూ వాడలేదు. పరీక్షలో ఎందుకు వాడానంటే, పరీక్ష అంటే అలాగే ఉండాలని నాకు అలవాటైపోయింది కనుక.

జాతీయ స్థాయిలో ఈ దిశగా ప్రయత్నం జరగలేదని నేను అనడం లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ, జాతీయ ఆరోగ్య వ్యవస్థల వనరుల కేంద్రం, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ కలిసి ఆశా సర్టిఫికేషన్ అనే ఏర్పాటును రూపొందించాయి. అందులో ఆశాలనే కాక శిక్షకులనూ శిక్షణ కేంద్రాలనూ కూడా ముందుగా పరిశీలించి గుర్తించాలన్న నియమం నాకు చాలా నచ్చింది. నేర్పేవాడికి వచ్చో లేదో చూడకుండా నేర్చుకున్నవారికి పరీక్ష పెట్టడం అన్యాయం. రాష్ట్రం చేయవలసింది దీన్ని పక్కన పెట్టి మరొకటి కట్టడం కాదు. ఆ పునాది మీద మన ఊళ్లకు, మన భాషకు, మన ఏజెన్సీకి సరిపోయే విధంగా నియమాలు రాసుకుని, ఆ పత్రానికి రాష్ట్రంలో ఒక విలువ కట్టాలి.

నియమాల్లో మొదటిది ఐచ్ఛికం అన్న మాట గురించి. మన శాఖలో ఈ మాటకు ఉన్న ఆయుష్షు మీకూ తెలుసు. రాష్ట్ర కార్యాలయం నుంచి బయలుదేరినప్పుడు అది ఐచ్ఛికమే. జిల్లాకు వచ్చేసరికి ప్రోత్సహించవలెను అవుతుంది. మండలానికి దిగేసరికి, రేపు సాయంత్రం ఐదు గంటల్లోగా వంద శాతం నమోదు పూర్తి కావాలి, లేనిచో సంబంధితులే బాధ్యులు అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్‌లు నేనూ పంపాను. అందువల్ల ఇది ఐచ్ఛికమని రాస్తే చాలదు. పత్రం లేనందువల్ల ఏ ఆశానూ తొలగించరాదని, ఆమెకు రావలసిన పారితోషికంలో పైసా కూడా కోయరాదని, ఏ జిల్లాకూ దీనిపై లక్ష్యాలు, ర్యాంకులు ఇవ్వరాదని జీవోలోనే స్పష్టంగా ఉండాలి. యాభై ఐదేళ్ల మనిషి, ఇంకొన్నేళ్లలో తప్పుకోబోయే మనిషి, నాకు ఈ కాగితం వద్దమ్మా అంటే ఆమెను ఎవరూ ఎందుకని అడగకూడదు.

రెండవది అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవడం. ఈ విషయంలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం దారి మనం చూడదగినది. అక్కడి మెక్సికన్ వాడల్లో ఇంటింటికీ తిరిగి ఆరోగ్యం గురించి చెప్పే స్త్రీలను ప్రొమోతోరాలు అంటారు. 1999లోనే ఆ రాష్ట్రం వారి గురించి చట్టం చేసింది. సర్టిఫికెట్‌కు రెండు దారులు పెట్టింది: నూట అరవై గంటల శిక్షణ పూర్తి చేసి రావచ్చు, లేదా ఇప్పటికే వెయ్యి గంటలు ఈ పని చేసినట్లు చూపించి రావచ్చు. దరఖాస్తుకు రుసుము లేదు. జీతం తీసుకోకుండా సేవ చేసేవారికి ఆ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. రెండేళ్లకోసారి కొత్త విషయాలు ఇరవై గంటలు నేర్చుకుని పునరుద్ధరించుకోవాలి. అక్కడి పరిస్థితులు వేరు, వారి ఆరోగ్య వ్యవస్థ వేరు, దాన్ని యథాతథంగా తెచ్చి ఇక్కడ నాటమని నేను అనను. అయితే వెయ్యి గంటలు పని చేసినవారిని మళ్లీ మొదటి బెంచీలో కూర్చోబెట్టనక్కరలేదన్న ఇంగితం మాత్రం ఏ దేశంలోనైనా పనికొస్తుంది. మన ఆశాల్లో పదేళ్లు దాటినవారు వేలల్లో ఉన్నారు. వారి విషయంలో గంటలు లెక్కపెట్టవలసిన పని కూడా లేదు, డైరీలు ఉన్నాయి.

మూడవది పరీక్ష ఎలా ఉండాలన్నది. నా అభిప్రాయంలో పరీక్ష గది ఆ ఊళ్లోని ఇల్లే కావాలి. పక్క మండలం నుంచి వచ్చిన ఒక పర్యవేక్షకురాలు, ఒక ఏఎన్‌ఎం ఆమె వెంట రెండు ఇళ్లకు వెళ్లాలి. బిడ్డను తూచడం, ఊపిరి లెక్కపెట్టడం, థర్మామీటరు పెట్టడం, బాలింతను అడగవలసిన ప్రశ్నలు అడగడం, ప్రమాదం అనిపిస్తే ఎక్కడికి ఎలా పంపాలో చెప్పడం, క్షయ రోగి మందు మానేస్తానంటే అతనితో ఎలా మాట్లాడుతుందో చూపించడం ఇవన్నీ వారు కళ్లారా చూడాలి. సొంత పీహెచ్‌సీ వాళ్లు పరీక్షించకూడదు, ఎందుకంటే అక్కడ పాత కోపాలూ ఉంటాయి, పాత మొహమాటాలూ ఉంటాయి. అడిగే భాష ఆ ఇంటి భాష కావాలి. ఏజెన్సీలో కువి, ఆదివాసీ ఒడియా, సవర మాట్లాడేచోట ఆ మాట తెలిసిన మనిషి పక్కన ఉండాలి. రాతపని ఎంత తక్కువ ఉంటే అంత మంచిది, ఉన్నదాన్ని నోటితో అడగవచ్చు.

ఇక్కడ మరో చిన్న మాట. పరీక్ష తేదీలు పెట్టేవారు దయచేసి బుధవారం, శనివారం వదిలిపెట్టండి. అవి టీకాల రోజులు. ఒకసారి శిక్షణ బుధవారం పెట్టి, ఆశాలు రాలేదని నోటీసులు ఇచ్చిన సంగతి నేనెరుగుదును.

గిరిజన సంక్షేమ శాఖ కింద పనిచేసిన కమ్యూనిటీ హెల్త్ వర్కర్లను కూడా ఈ ఏర్పాటులో మరిచిపోవద్దని మనవి. నెలకు నాలుగు వందల రూపాయలకు ఏళ్ల తరబడి కొండలెక్కినవారు వాళ్లు. 2019లో ఆ మొత్తాన్ని నాలుగు వేలు చేశారు. వాళ్లు ఏ శాఖ కిందికి వస్తారన్న చర్చ మన కార్యాలయాల్లో ఎంతకాలమైనా సాగవచ్చు. గూడెంలో జ్వరం వచ్చిన మనిషికి ఆ చర్చతో పని లేదు, రక్తపు చుక్క తీసి స్లైడు మీద పూసింది ఎవరో అతనికి తెలుసు.

ధ్రువపత్రానికి విలువ ఏమిటన్నది అన్నిటికన్నా బరువైన ప్రశ్న. ఆశాలకు 2019లో నెలకు పదివేలు చేశారు. 2025లో అరవై రెండేళ్ల దాకా కొనసాగే అవకాశం, గ్రాట్యుటీ, మొదటి రెండు కాన్పులకు ఆరు నెలల వేతనంతో కూడిన ప్రసూతి సెలవు ప్రకటించారు. ఇతరుల కాన్పులకు అర్ధరాత్రి తోడు వెళ్లేవారికి తమ కాన్పుకు సెలవు రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది, వచ్చింది, సంతోషం. అయినా కేంద్రం నిర్ణయించిన పనివారీ పారితోషికాల పద్ధతి అలాగే ఉంది. పుట్టిన బిడ్డ ఇంటికి ఆరుసార్లు వెళ్లి, ఫారం నింపి, సంతకం పెట్టిస్తే మొత్తానికి రెండు వందల యాభై రూపాయలు, అంటే ఒక్కో సందర్శనకు నలభై చిల్లర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో కమ్యూనిటీ ఆరోగ్య కార్యకర్తల గురించి వెలువరించిన మార్గదర్శకాల్లో, శిక్షణ పూర్తి చేసినవారికి అధికారిక ధ్రువీకరణ ఇవ్వాలని చెబుతూనే, వారి పనికి తగిన వేతనం ఉండాలనీ, కేవలం పని లెక్కను బట్టి ఇచ్చే ప్రోత్సాహకాల మీదే వారిని నడపకూడదనీ కూడా చెప్పింది. ఈ రెండో మాటను వదిలేసి మొదటి మాటను మాత్రం పట్టుకుంటే, సర్టిఫికెట్ ఇచ్చాం కదా, ఇంకా జీతం ఏమిటి అనే వాదనకు మనమే దారి వేసినవాళ్లం అవుతాం. 2022లో అదే సంస్థ మన దేశంలోని పది లక్షల మందికి పైగా ఆశాలకు అంతర్జాతీయ ఆరోగ్య నాయకుల పురస్కారం ప్రకటించినప్పుడు మా పీహెచ్‌సీలో మిఠాయి పంచాం. ఒకామె లడ్డు తింటూ, మేడం, దీని తాలూకు కాగితం మాకూ ఒకటి ఇస్తారా అని అడిగింది. అందరం నవ్వాం. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రావడం లేదు.

కనుక పత్రం వచ్చిన రోజు నుంచి నెలకు కొంత అదనపు భత్యం ఉండాలి, అది ఉన్న పారితోషికంలోంచి తీసి ఇచ్చేది కాకూడదు. అంతకన్నా ముఖ్యం, ముందుకు పోయే దారి. ఏఎన్‌ఎం కోర్సు రెండేళ్లది, దానికి ఇంటర్మీడియట్ కావాలి. పదో తరగతి దగ్గర ఆగిపోయిన ఆశాలు ఎందరో ఉన్నారు, వారిలో పట్టుదల ఉన్నవారికి సార్వత్రిక విద్యాపీఠం ద్వారా ఇంటర్ పూర్తి చేయడానికి ఫీజు, పుస్తకాలు శాఖే ఇవ్వాలి. ధ్రువపత్రం ఉన్నవారికి ప్రభుత్వ ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పాఠశాలల్లో కొన్ని సీట్లు కేటాయించాలి. పత్రం ఒక జిల్లాలో తీసుకుంటే రాష్ట్రమంతా చెల్లాలి. పెళ్లయి వెళ్లిన ఊళ్లో, కొడుకు వెంట వెళ్లిన పట్నంలో ఖాళీ వస్తే ఆమె పేరు ముందు వరుసలో ఉండాలి. పత్రం ఆమె సొంతం కావాలి, ఉద్యోగం మానేసినా అది ఆమెతోనే ఉండాలి.

వైద్యుల వైపు నుంచి ఒక సందేహం వస్తుందని నాకు తెలుసు. ముద్ర వేసిన కాగితం చేతికిస్తే రేపు బోర్డు పెట్టి ఇంజెక్షన్లు వేయరా అని అడుగుతారు. ఈ భయానికి కారణం లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో, డిగ్రీ లేకుండా ఊళ్లలో వైద్యం చేసే ఆర్‌ఎంపీలకు శిక్షణ ఇచ్చి కమ్యూనిటీ పారామెడిక్‌లుగా గుర్తిస్తామన్న పథకం పెద్ద వివాదమై మధ్యలోనే నిలిచిపోయింది, శిక్షణ పొందినవారు ఇప్పటికీ అటూ ఇటూ కాకుండా ఉన్నారు. ఆ గందరగోళానికి మూలం, ఆ కాగితం దేనికి అనుమతి, దేనికి కాదు అన్నది తేల్చకుండానే ముందుకు వెళ్లడం. ఆశా పత్రం వెనుక పేజీలో ఆమె చేయదగిన పనులు, చేయకూడని పనులు రెండూ తెలుగులో అచ్చువేస్తే సరిపోతుంది. నిజం చెప్పాలంటే, నేను చూసిన ఆశాల్లో తమ హద్దు దాటినవారికన్నా, హద్దులో ఉన్న పని కూడా నువ్వెవరు చెప్పడానికి అని మాట పడి వెనక్కి తగ్గినవారే ఎక్కువ. ఆసుపత్రి గుమ్మం దగ్గర, గర్భిణి బీపీ ఎక్కువగా ఉంది, ముందు చూడండి అని ఆమె చెప్పినప్పుడు వినేలా చేయడానికైనా ఆ ముద్ర పనికొస్తుంది.

అయ్యా, చివరగా ఒక్కటే అడుగుతున్నాను. ఈ నియమాల ముసాయిదా ఎప్పుడు తయారైనా, దాన్ని ముందు వెబ్‌సైట్‌లో ఇంగ్లీషులో పెట్టి పదిహేను రోజుల్లో అభ్యంతరాలు తెలపమనే పద్ధతి వద్దు. తెలుగులో అచ్చువేసి ప్రతి పీహెచ్‌సీకి పంపండి, ఆశా డే నాడు చదివి వినిపించమనండి, వాళ్లు చెప్పినది చెప్పినట్లు రాసి పంపమనండి. పాడేరు వైపు ఆ మండలానికి నన్ను పిలిస్తే నా ఖర్చు మీదే వస్తాను. ఆ ఎనిమిదో తరగతి ఆశా ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది. నేను రాసిన ఆ ప్రశ్నను ఈసారి ఆమెనే తన మాటల్లో రాయమని అడుగుతాను.

భవదీయురాలు,
పదవీ విరమణ చేసిన ఒక మహిళా ఆరోగ్య పర్యవేక్షకురాలు